చెలకల్లో ఆముదం, ఊపిరిలో పిండి

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్దరోడ్డు మీద నార్కట్‌పల్లి దాటి, నకిరేకల్ ఇంకా రాకముందు కట్టంగూర్ వస్తుంది. రోడ్డుకు రెండు పక్కలా ఇప్పుడు కనబడేది పత్తి, వరి, బత్తాయి తోటలు. ఒకప్పుడు ఈ ఎర్ర చెలకల్లో సగం మనిషి ఎత్తున ఆముదం ఉండేది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట వ్యవసాయ చరిత్ర రాయాలంటే ఆముదంతోనే మొదలుపెట్టాలి. పలచని నేల, అడుగున రాయి, ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన. అంతకన్నా ఎక్కువ అడగని పంట ఇది. తొలకరికి విత్తితే సరి. మధ్యన కంది సాళ్లు వేసుకుంటారు. ఆకును పశువు ముట్టదు కాబట్టి కాపలా బాధ లేదు. గెలలు ఒక్కసారిగా పండవు, విడతలు విడతలుగా వస్తాయి. కోసినవి కోసినట్టు కళ్లంలో ఎండబోసి కట్టెతో కొడితే కాయ పగిలి, మచ్చల మచ్చల గింజ బయట పడుతుంది. జొన్న ఇంట్లోకి, ఆముదం బజారుకు. మెట్టరైతు చేతికి రొక్కం వచ్చే దారి అదే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ గింజలోని ఒక చిన్న ప్రొటీన్ గురించి. జన్యుమార్పిడి పంటలు అలర్జీ తెస్తాయా అని ఇరవై ఏళ్లకు పైగా వాదించుకుంటున్నాం. అంతకు ఎన్నో తరాల ముందు నుంచే, ప్రపంచానికి బాగా తెలిసిన అలర్జీ ప్రొటీన్లలో ఒకటి మన కళ్లాల్లో ధూళిగా లేస్తూనే ఉంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడానికి, జన్యుమార్పిడి పంటను మనం అడిగే ప్రశ్న సగంలో ఆగిపోవడానికి కారణం ఒక్కటే. గింజ ఎలా తయారైందని అడిగాం, ఏ ప్రొటీన్ ఎవరి ఊపిరిలోకి పోతోందని అడగలేదు.

ముందు నూనె సంగతి చూద్దాం. ఇళ్లల్లో వంటాముదం తీసే పద్ధతి తెలిసిన చేతులు ఇప్పుడు తక్కువ. గింజలను మంగలంలో దోరగా వేయిస్తారు, రోట్లో మెత్తగా దంచుతారు, ఆ ముద్దను నీళ్లలో వేసి చాలాసేపు ఉడికిస్తారు. పసుపుపచ్చని నూనె నురగతో పాటు పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తేర్చి, మళ్లీ కాచి, తడి అంతా పోయాక సీసాకెత్తుతారు. పసిపిల్లల మాడుకు, పెద్దల విరేచనానికి, గుడి దీపానికి, బండి ఇరుసుకు అదే నూనె. ఈ పద్ధతిలో ఉన్న తెలివి చిన్నది కాదు. ఆముదం గింజలో రిసిన్ అనే ప్రచండమైన విషం ఉంటుంది. అది ప్రొటీన్ కనుక నూనెలోకి రాదు, పిండిలోనే మిగులుతుంది. పైగా ఉడికితే చస్తుంది. పరీక్షశాల లేకుండానే మన ఆడవాళ్లు విషాన్ని విరిచి మందును వేరుచేశారు. అయితే అదే పిండిలో రిసిన్‌తో పాటు మరో ప్రొటీన్ కూడా ఉంది. దానిది వేరే స్వభావం. ఉడికించినా అంత తేలిగ్గా చావదు. తిన్నవాడిని చంపదు, పీల్చినవాళ్లలో కొందరికి ముక్కు కారిస్తుంది, కళ్లు ఎర్రబరుస్తుంది, దమ్ము తెప్పిస్తుంది. గానుగల కాలం పోయి మిల్లులు వచ్చాక, పిండి బస్తాలకెక్కి దేశాలు తిరగడం మొదలయ్యాక, ఈ రెండో ప్రొటీన్ కథ బయటపడింది.

అది బయటపడింది మన దగ్గర కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లకు ఆముదమే కందెన. పెట్రోలులో సులువుగా కలవని చిక్కని నూనె అది. యుద్ధం తర్వాత కూడా రంగులకు, సబ్బులకు, కందెనలకు దానికి గిరాకీ తగ్గలేదు. గింజ ఓడలెక్కి పడమటి దేశాల మిల్లులకు చేరేది. 1928లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడో నగరంలో ఫిగ్లీ, ఎల్‌రాడ్ అనే ఇద్దరు వైద్యులు ఒక విచిత్రం గమనించారు. ఉబ్బసంతో వచ్చే రోగులు ఊరంతా చెదిరి లేరు, ఒక నూనె మిల్లు చుట్టుపక్కలే ఉన్నారు. గాలి మిల్లు మీదుగా వీచినప్పుడే దమ్ము లేస్తోంది. మిల్లులో ఆడుతున్నది ఆముదం గింజ. ఆ రోగుల్లో చాలామంది మిల్లు గడప తొక్కినవాళ్లు కాదు, పక్కన కాపురమున్నవాళ్లు. 1950లలో బ్రెజిల్‌లోని బౌరు పట్టణంలోనూ ఇదే జరిగింది. అక్కడ మూకుమ్మడిగా ఉబ్బసం వస్తే అంటువ్యాధి అనుకున్నారు. తీరా చూస్తే ఆముదం మిల్లు ధూళి. దక్షిణాఫ్రికాలో ఇలాంటి ఒక మిల్లు వల్ల 200 మందికి పైగా ఉబ్బసం పాలయ్యారని 1955లో వైద్య పత్రికలో వచ్చింది. ఆముదం మోసిన గోనెసంచుల్లో తర్వాత కాఫీ గింజలు నింపితే, ఆ సంచులు ముట్టుకున్న కాఫీ కార్మికులకు కూడా ఆముదం అలర్జీ అంటుకుంది. గింజ లేదు, పిండి లేదు, సంచి పోగుల్లో చిక్కుకున్న ధూళే చాలింది.

1943లో అమెరికా వ్యవసాయ శాఖ రసాయనవేత్తలు స్పైస్, కౌల్సన్ ఆ ధూళిలోని అసలు పదార్థాన్ని విడదీసి సీబీ-1ఏ అని గుర్తు పెట్టారు. వేడినీళ్లలో కాచినా దాని శక్తి నిలిచింది. ఇప్పటి భాషలో అది 2ఎస్ ఆల్బుమిన్ కుటుంబపు ప్రొటీన్. మొక్క దాన్ని గింజలో ఎందుకు దాచుకుంటుంది? రేపు మొలకెత్తే పిల్లమొక్కకు గంధకం, నత్రజని కావాలి కనుక. అది మొక్క కట్టి ఇచ్చే సద్దిమూట. ఆ మూటకు గట్టి ముళ్లున్నాయి. చిన్న ప్రొటీన్, రెండు గొలుసులు, వాటిని బిగించే నాలుగు గంధకపు బంధాలు. వేడి తగిలినా, కడుపులోని ఆమ్లం తగిలినా ఆ ముళ్లు విడవవు. అలా విప్పుకోని ప్రొటీన్‌ను శరీరపు రక్షణ వ్యవస్థ శత్రువుగా గుర్తుపట్టి పగ పెంచుకునే అవకాశం ఎక్కువ. ఆముదంలోని ఈ ప్రొటీన్ రూపాలకు రిక్ సీ 1, రిక్ సీ 3 అని పేర్లు. రెండూ ఒకే జన్యువు నుంచి, ఒకే పొడుగు గొలుసుగా పుట్టి తర్వాత విడిపోతాయి. ఆవాలలోని, నువ్వులలోని, వేరుశనగలోని పేరుమోసిన అలర్జీ ప్రొటీన్లు కూడా ఈ కుటుంబపు చుట్టాలే. ఇంత దగ్గరి బంధువులు మన పోపుల డబ్బాలోనే ఉన్నాయి, కొద్దిమందిని మినహాయిస్తే ఎవరికీ ఏమీ కావడం లేదు. కాబట్టి కుటుంబం పేరు ఒక్కటే చాలదు. ఎంత మోతాదు, ఏ దారిన లోపలికి పోతోంది, ఎన్నిసార్లు పోతోంది అన్నవి కూడా చూడాలి. ఆముదం విషయంలో ఆ దారి నోరు కాదు, ముక్కు. ఈ తేడాయే నా వాదనకు ఇరుసు.

ఇక్కడొక మజిలీని తేలిగ్గా దాటిపోకూడదు. మన పాత ఆముదం రకాలు పంటకు రావడానికి తొమ్మిది నెలల దాకా పట్టేది. హెచ్‌సీ-6 అనే రకం అలాంటిది, దాని కాలం 270 రోజులు. 1960లలో హైదరాబాదులో దాని గింజలను న్యూట్రాన్ కిరణాలకు గురిచేసి, పుట్టిన వింత మొక్కల్లోంచి ఏరి, 'అరుణ' అనే రకాన్ని తయారుచేశారు. దాదాపు 120 రోజులకే చేతికొచ్చేది. వాన ముగిసేలోపే పంట ముగియడమంటే మెట్టరైతుకు ప్రాణం లేచొచ్చినట్టే. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆముదం చరిత్రలో అరుణ ఒక పెద్ద మలుపు. కిరణాలు జన్యువులను ఎక్కడ తెంచాయో, ఎక్కడ అతికించాయో ముందుగా ఎవరూ ఎంచలేదు. ఎంచే వీలు కూడా ఆనాడు లేదు. దాని గింజలో ఆల్బుమిన్ పెరిగిందా తగ్గిందా అని అడగాల్సిన కమిటీ ఏదీ లేదు. ఇది అరుణ మీద ఫిర్యాదు కాదు. కరువు నేలకు అది చేసిన మేలు నిజమైనది. నేను చెప్పేది ఇంతే. జన్యువులు అడ్డదిడ్డంగా మారిన ఒక పంటను మనం ఏ ప్రశ్నా లేకుండా కళ్లానికి రానిచ్చాం. తర్వాత ఒక్క జన్యువును తెలిసి చేర్చిన పంటను మాత్రం గడప దగ్గర నిలబెట్టి వంద ప్రశ్నలు వేశాం. ఆ వంద వేయడం తప్పు కాదు, మొదటిదానికి ఒక్కటీ వేయకపోవడమే తప్పు.

ఆ ప్రశ్నలు ఎలా పుట్టాయో తెలిస్తే వాటి విలువా తెలుస్తుంది, కొరతా తెలుస్తుంది. 1990ల మొదట్లో అమెరికాలో పయనీర్ విత్తనాల కంపెనీ సోయాలో మెథియోనిన్ తక్కువని, దాన్ని పెంచడానికి బ్రెజిల్ నట్ నుంచి ఒక జన్యువు తెచ్చి పెట్టింది. గంధకం దండిగా ఉన్న ప్రొటీన్ కదా అని ఎంచుకున్నది 2ఎస్ ఆల్బుమిన్‌నే, మన ఆముదపు ప్రొటీన్‌కు స్వయానా చుట్టం. సోయా పశువుల దాణా కోసమే అయినా, నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో పరీక్ష చేయించారు. బ్రెజిల్ నట్ పడని తొమ్మిది మంది రక్తంలో ఎనిమిది మందిది కొత్త సోయాలోని ఆ ప్రొటీన్‌ను పట్టుకుంది. 1996లో ఆ ఫలితం అచ్చయింది, ఆ సోయా బజారుకు రాలేదు. పాత ఇంట్లోని అలర్జీ స్వభావం ప్రొటీన్ వెంట కొత్త ఇంటికీ రాగలదని ఇది చాటింది. 2003లో కోడెక్స్ అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి, 2008లో మన భారత వైద్య పరిశోధన మండలి తన మార్గదర్శకాలు ఇచ్చింది. కొత్త ప్రొటీన్ ఏ మొక్క నుంచి వచ్చింది, తెలిసిన అలర్జీ ప్రొటీన్లతో పోలిక ఉందా, పెప్సిన్‌లో ఎంతసేపు నిలుస్తుంది, రోగుల రక్తం దాన్ని గుర్తుపడుతుందా అని అవి అడుగుతాయి. మంచి ప్రశ్నలే. అయితే అన్నీ విస్తరి ముందు కూర్చున్నవాడి ప్రశ్నలు. పెప్సిన్ కడుపులో ఉంటుంది, ముక్కులో ఉండదు. బస్తా ఎత్తే హమాలీ, జిన్నింగ్ మిల్లులో పత్తి తోసే కూలీ, కళ్లంలో తూర్పారపట్టే ఆడమనిషి ఆ దరఖాస్తులో ఎక్కడా కూర్చోరు.

ఈ లోపాన్ని చూపడానికి దూరం పోనక్కర్లేదు, హైదరాబాదులోనే నిదర్శనం ఉంది. ఆముదానికి బద్ధశత్రువు దాసరి పురుగు. నడుం వంచి దండం పెడుతున్నట్టు నడుస్తుంది, ఉధృతంగా వచ్చిన ఏడు ఆకులో ఈనెలు తప్ప ఏమీ మిగల్చదు. రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంచాలకాలయంలో 2005లో ఆముదంలోకి జన్యువు చేర్చే పద్ధతి కుదిరింది. 2006లో ఉస్మానియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దాసరి పురుగును తట్టుకునే ఆముదం మొక్కలను, పురుగును చంపే క్రై ప్రొటీన్‌ను పుట్టించే బీటీ జన్యువుతో తయారుచేసి ప్రకటించారు. పొలానికి రాలేదు గానీ ఆలోచన అమూల్యమైనది.  ఇప్పుడు ఆ బీటీ ఆముదం అనుమతికి వచ్చిందనుకుందాం. క్రై ప్రొటీన్‌ను అన్ని భాగాల్లో పుట్టించే స్విచ్ పెట్టి ఉంటే అది ఆకులో, కాండంలో, గింజలో కొద్దికొద్దిగా, గ్రాముకు మైక్రోగ్రాముల లెక్కన ఉంటుంది. పరీక్ష అంతా దాని చుట్టూ జరుగుతుంది. అదే గింజలో నిల్వ ప్రొటీన్‌గా కుప్పపోసి ఉన్న పాత ఆల్బుమిన్, వంద ఏళ్లుగా ఉబ్బసం తెప్పిస్తుందని తెలిసినది, 'మామూలు ఆముదంలో ఉన్నదే' అన్న ఒక్క వాక్యంతో దాటిపోతుంది. మొక్క ఏ ప్రొటీన్‌ను ఏ భాగంలో ఎంత పుట్టిస్తుందన్నదే అలర్జీ లెక్కకు మూలం. ఆ లెక్కలో కొత్తదాన్నీ పాతదాన్నీ ఒకే తక్కెడలో పెట్టాలి.

ఆముదం ఓడింది పురుగుకు కాదు, పత్తికి. 2002 మార్చిలో మూడు బీటీ హైబ్రిడ్లకు కేంద్రం అనుమతి ఇచ్చింది. కొద్ది ఏళ్లలోనే చెలకలు తెల్లబడ్డాయి, ఆముదం మహబూబ్‌నగర్ మూలలకు, గుజరాత్ సాగునీటి పొలాలకు జరిగింది. ఇప్పుడు దేశపు ఆముదంలో సింహభాగం గుజరాత్‌దే. పత్తి ఏరేవాళ్లకు దురదలు, దద్దుర్లు, కళ్ల మంటలు వస్తున్నాయని 2005లో మధ్యప్రదేశ్ నిమాడ్ ప్రాంతం నుంచి ఒక నివేదిక వచ్చింది. ఒక పక్షం దాన్ని రుజువన్నది, ఇంకో పక్షం వదంతి అన్నది. నా దృష్టిలో అది రుజువూ కాదు, వదంతీ కాదు, తేల్చాల్సిన ఫిర్యాదు. తేల్చే దారి కూడా కష్టమైనది కాదు. బీటీ ఏరేవాళ్లను, మామూలు పత్తి ఏరేవాళ్లను పక్కపక్కన పెట్టి చర్మపరీక్ష, రక్తపరీక్ష చేస్తే, కారణం క్రై ప్రొటీనా, పత్తి గింజ ప్రొటీనా, కొట్టిన మందా తెలిసేది. పదేళ్లు తిరక్కుండానే దేశంలో పత్తి తొంభై శాతం బీటీ అయింది. పోల్చడానికి మామూలు పత్తి చేను మిగల్లేదు. పంట ఊరంతా పరుచుకోకముందు అడగాల్సిన ప్రశ్నను పరుచుకున్నాక అడిగితే ఇలాగే జవాబు జారిపోతుంది. 2010 మొదట్లో బీటీ వంకాయ మీద పలు నగరాల్లో జరిగిన చర్చలు, ఫిబ్రవరిలో వచ్చిన నిలుపుదల, తినే మనిషి గురించి గట్టిగా మాట్లాడాయి. చేసే మనిషి వంతు మాత్రం అప్పుడూ చిన్నదే.

దీనికి రెండు వైపుల నుంచీ అభ్యంతరం వస్తుంది. ప్రకృతిసిద్ధమైన గింజలోనే ఇంత అలర్జీ ఉన్నప్పుడు జన్యుమార్పిడి పంటకు ప్రత్యేక పరీక్ష దేనికని ఒకరంటారు. బ్రెజిల్ నట్ కథే దానికి సగం జవాబు, మిగతా సగం ఆస్ట్రేలియా బఠానీ. చిక్కుడు జాతి గింజలోని ఒక ప్రొటీన్‌ను సీఎస్‌ఐఆర్‌ఓ సంస్థ బఠానీలో పెట్టింది, గింజ తొలిచే పురుగును ఆపడానికి. 2005లో ఎలుకల మీద చూస్తే ఊపిరితిత్తుల్లో వాపు వచ్చింది, ప్రాజెక్టు ఆగింది. ప్రొటీన్ అదే అయినా కొత్త మొక్క దాని మీద చక్కెర తోకలను వేరే రకంగా అంటించిందని అన్నారు. 2013లో మరో బృందం అదే పరీక్ష మళ్లీ చేసింది. మామూలు చిక్కుడు తిన్న ఎలుకలకూ, జన్యువు చేర్చని బఠానీ తిన్నవాటికీ ఇంచుమించు అదే ప్రతిస్పందన వచ్చింది. మొదటి పరీక్ష లేకపోతే రెండోది పుట్టేది కాదు, పక్కన మామూలు గింజను పెట్టి ఉండకపోతే నిజం తేలేది కాదు. అందుకే పరీక్ష వద్దని నేననను, పోలిక లేని పరీక్ష చాలదంటాను. ఇక రెండో అభ్యంతరం, తాతల నాటి నుంచి ఆముదం పండిస్తున్నాం, మనకేం కాలేదుగా అన్నది. తాతల జ్ఞానం మీద నాకు గౌరవమే, వంటాముదం తీసే పద్ధతే దానికి సాక్ష్యం. కానీ ఇంట్లో పొయ్యి మీద మానెడు గింజలు ఉడికించడం వేరు, మిల్లులో టన్నుల కొద్దీ పిండి దుమ్ము లేవడం వేరు. టొలీడో, బౌరు పట్టణాల వాళ్లు కూడా మిల్లు పెరిగేదాకా ఏమీ అనుకోలేదు. దమ్ముకు చలి అని, దుమ్ము అని పేరు పెట్టుకోవడం మనకు అలవాటే. ఏ దుమ్ము అన్నది విడదీసి చూడనంతకాలం ఏమీ కాలేదని అనడానికి వీల్లేదు.

జన్యుమార్పిడిని ఇంకో దిక్కు నుంచి చూస్తే కథ తిరగబడుతుంది. ప్రొటీన్ చేర్చడమే కాదు, తీసేయడం కూడా దానికి చేతనవును. 2003లో అమెరికా శాస్త్రవేత్తలు సోయాలో ఒక ప్రధాన అలర్జీ ప్రొటీన్ పుట్టకుండా జన్యువు నోరు మూయించారు. 2017లో బ్రెజిల్ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా రిసిన్ జాడ దొరకని ఆముదం మొక్కలను తయారుచేసింది. రిసిన్ పోతే పిండి పశువుల దాణా అవుతుందని వాళ్ల ఆశ. రిక్ సీ 1, రిక్ సీ 3 ఒకే జన్యువు పిల్లలు కనుక, గురి కుదిరితే ఒక్క దెబ్బకు రెండూ తగ్గే వీలుంది. పిల్లమొక్కకు సద్దిమూట తగ్గితే మొలక బలం ఏమవుతుందో చేలో చూసి తేల్చాలి. ఆముదం పుప్పొడి కూడా గాలిలో ఎగిరి అలర్జీ తెచ్చేదే, గింజలో నొక్కిన జన్యువు దాన్ని ఆపదు. అయినా ఈ పని మన రాజేంద్రనగర్‌లో, మన రకాల మీద జరగాల్సినదని నా గట్టి అభిప్రాయం. జన్యుమార్పిడి అనగానే వద్దనేవాళ్లు ఈ ఒక్క సందర్భంలో ఎవరి ఊపిరి పక్షాన నిలబడుతున్నారో చూసుకోవాలి.

అంతదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. బ్రెజిల్‌లోనే పిండిని సున్నంతో కలిపి చూశారు. క్షారం తగిలితే రిసిన్ విషమూ, వేడికి లొంగని అలర్జీ శక్తీ రెండూ పడిపోతున్నాయి. సున్నానికి నల్లగొండ జిల్లాలో కొదవ లేదు. ఆముదం సాగు చెలకల నుంచి వెళ్లిపోయినా ఆముదం పిండి వెళ్లిపోలేదు. సేంద్రియ ఎరువుగా బస్తాల్లో తిరిగొస్తోంది, బత్తాయి పాదుల్లో, కూరగాయల మళ్లలో పడుతోంది. బస్తా కుట్టు విప్పి చేతులతో చల్లేటప్పుడు గాలికి లేచే ఆ బూడిదరంగు పొడిలో 1943లో పేరు పెట్టిన ప్రొటీనే ఉంది. తడిపి చల్లితే లేవదు, ముక్కుకు తువ్వాలు కడితే తక్కువ లోపలికి పోతుంది, మిల్లులోనే సున్నం కలిపితే చాలావరకు చస్తుంది. ఆ బస్తా మీద నత్రజని శాతం అచ్చువేస్తారు. దాని కిందే ఈ మూడు మాటలు కూడా తెలుగులో అచ్చువేయాలి.